స్పష్టమే అన్న చోట

ఆ మాటను మొదట పట్టుకున్నది మా బావ. ముప్పై ఎనిమిదేళ్లు ఒక అచ్చు కార్యాలయంలో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. లెక్కలంటే ఆయనకు ఆమడ దూరం. మా అక్కకు అరవై ఏళ్లు నిండబోతున్నాయని విశ్వవిద్యాలయంవాళ్లు ఆమె పరిశోధన వ్యాసాలన్నీ ఒక పుస్తకంగా వేస్తున్నారు. ఆ ప్రూఫులు ఇంకెవరి చేతిలోనో పెట్టడం ఇష్టంలేక బావే ఇంటికి తెచ్చుకున్నాడు. భోజనాల బల్ల మీద ఒక మూల ఆయన కాగితాల కట్ట, భూతద్దం, ఎర్ర పెన్సిలు. మిగిలిన చోటు మేము తినడానికి. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం అయిపోయాక నేను వాళ్లింట్లోనే మేడమీద గదిలో ఉంటున్నాను కాబట్టి ఇదంతా నా కళ్ల ముందే జరిగింది.

ఒక మధ్యాహ్నం బావ తలెత్తకుండానే అన్నాడు. "ఈ ఒక్క పేజీలోనే 'స్పష్టమే' అని మూడుసార్లు రాశావు. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే కంటికి బాగుండదు. ఒకటి తీసేయనా?"

అక్క కిటికీకీ తలుపుకీ మధ్య నడుస్తోంది. కూర్చుని ఆలోచించడం ఆమెకు పుట్టుకతోనే రాదు. విద్యార్థులు ఆమెకు పెట్టిన పేరు పిల్లి మేడమ్. కాలుగాలిన పిల్లి అన్నమాట. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"తీసేస్తే కుదరదండీ. అక్కడ ఒక మెట్టు ఉంది. దాన్ని దాటుతున్నానని చెప్పాలి కదా."

"అయితే ఆ మెట్టేదో రాసెయ్. నాకైతే మూడింట్లో ఒక్కటీ స్పష్టంగా లేదు."

ముగ్గురం నవ్వుకున్నాం. అక్క ఆయన చేతిలోంచి పేజీ లాక్కుని, రెండు వాక్యాల పనే అంటూ గోడకు ఆనించి నిలబడే రాయడం మొదలుపెట్టింది. మొదటి స్పష్టం నిజంగానే రెండు వాక్యాల్లో తేలింది. రెండోదానికి నాలుగు పట్టాయి. మూడోదానికి కాగితం తిరగేసింది. తర్వాత ఇంకో కాగితం అడిగింది. నేనిచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. చీకటిపడే వేళకు బావ ఆ పేజీ ఇస్తే పంపేస్తానన్నాడు. రేపిస్తాను, దీన్నొక్కదాన్నీ ఆపండి అంది అక్క. ఆ గొంతు నాకు నచ్చలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి డాక్టర్లు ఇంకోసారి తీయించండి అంటారే, అలా ఉంది.

ఆ పేజీ ఉన్న వ్యాసం మామూలు వ్యాసం కాదు. అక్క జీవితమంతా దానిమీదే నిలబడింది.

మా అమ్మ నాటక కంపెనీల దుస్తులకు పూసలు కుట్టేది. ఒక బొమ్మ కుట్టేటప్పుడు మధ్యలో దారం తెంపితే వెనకాల ముడి మిగులుతుంది. అది వేసుకున్నవాళ్ల ఒంటికి గీరుకుంటుంది. అందుకని మొదటి పూస దగ్గర బయల్దేరి, ప్రతి పూసనూ ఒక్కసారే తాకి, మళ్లీ మొదటి పూస దగ్గరికి రావాలని చూసేది. కొన్ని బొమ్మలకు దారి దొరికేది, కొన్నింటికి దొరికేది కాదు. తొమ్మిదేళ్ల అక్క సుద్దముక్కతో నేలంతా ఆ బొమ్మలు గీసి, ఎందుకు దొరకదో చెప్పమని అమ్మ ప్రాణం తీసేది. "దొరక్కపోతే తెంపి కుట్టుకుంటానే. దానికింత రాద్ధాంతం ఎందుకు?" అనేది అమ్మ. నాన్న బస్సు డ్రైవరు. రోజంతా తిరిగి తిరిగి ఇంటికొస్తే ఇక్కడ కూడా ఒకటి తిరుగుతోందని విసుక్కునేవాడు. కానీ పరీక్షల రోజుల్లో అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది ఆయనే.

విశ్వవిద్యాలయంలో లెక్కల విభాగంలో నలభై ఒక్కమందిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఆ భవనంలో లేదు. పక్క భవనానికి పోయి రావడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లోనే సగం లెక్కలు చేశానని తర్వాత తర్వాత నవ్వుతూ చెప్పేది. ఆమెకు దారి చూపినాయన్ని అందరూ పెద్దసారు అనేవాళ్లు. సభల్లో కునికిపాట్లు పడుతూనే సరిగ్గా అసలు ప్రశ్న అడిగే మనిషి. అక్క ఇరవై తొమ్మిదో ఏట, నలభై పేజీల్లో, ఒక రకం వలలన్నింటికీ అమ్మ పూసలకు వెతికినలాంటి దారి తప్పకుండా ఉంటుందని రుజువు చేసి ఆయన బల్లమీద పెట్టింది. పూస ఉండే చోటును ముడి అనుకుంటే, ప్రతి ముడి దగ్గరా మూడేసి పోగులు కలిసే, అంత తేలిగ్గా రెండు ముక్కలుగా తెగని వలలవి. ఇంకేవో షరతులు కూడా ఉన్నాయట. పెద్దసారు రెండు నెలలు చదివి "బాగుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట విన్నవాళ్లు అంతకుముందు ఇద్దరే ఉన్నారట.

ఆ వ్యాసం అచ్చుకు వెళ్లినప్పుడు ప్రూఫుతోపాటు ఒక చీటీ వచ్చింది. "పదకొండో పేజీలో మీరొక బ్రాకెట్ తెరిచి మూయడం మరిచారు. గాలి వస్తోంది" అని. అక్క ఆ చీటీ రాసిన మనిషిని చూడ్డానికి అచ్చు కార్యాలయానికి వెళ్లింది. ఏడాది తిరక్కుండా ఆయన నాకు బావ అయ్యాడు.

పేరు వచ్చింది, ఉద్యోగం రాలేదు. తాత్కాలిక లెక్చరరుగా తొమ్మిదేళ్లు ఉంచారు. ఆమె తర్వాత చేరిన ఇద్దరు మగవాళ్లు పర్మనెంటు అయ్యారు. ఇంటర్వ్యూలో ఒకాయన ఇవన్నీ మీవారు చూసిపెడతారా అని అడిగాడు. ఎవరో ఆ మాటే బావను అడిగితే "కామాలు నావి, మిగతావన్నీ ఆవిడవి" అన్నాడు. చివరికి పై దేశాల వాళ్లు ఆ సిద్ధాంతాన్ని అక్క పేరుతో పిలవడం మొదలుపెట్టాక ఇక్కడివాళ్లకు కళ్లు తెరుచుకున్నాయి. ఆ విభాగానికి అధ్యక్షురాలైన మొదటి ఆడది మా అక్కే. ఆమె దగ్గర పద్దెనిమిదిమంది డాక్టరేట్లు తీసుకున్నారు. అందరిలోకీ అక్కకు ఇష్టమైన శిష్యురాలిని మేము పిచ్చుక అనేవాళ్లం. చిన్న మనిషి, చురుకు. ఒక ఆలోచన మీంచి ఇంకోదానిమీదకు గెంతేది. ఇప్పుడు ఆరు గంటల రైలు ప్రయాణం దూరంలో ఇంకో ఊళ్లో విభాగాధిపతి. ఆమె సిద్ధాంత గ్రంథం, ఆ తర్వాతి పదకొండు వ్యాసాలు, అన్నీ అక్క సిద్ధాంతం మీద కట్టుకున్నవే.

ఆ మూడో 'స్పష్టమే' దగ్గర జరిగింది నాకు అర్థమైనంతవరకూ ఇది. పెద్ద వలలో ఒక పోగు తీసేసి సర్దితే చిన్న వల వస్తుంది. చిన్నదానికి దారి ఉంటే పెద్దదానికీ ఉంటుంది. అయితే తీసేశాక మిగిలింది కూడా అదే రకం వల అయి ఉండాలి. అలా ఉండటం స్పష్టమే అని రాసింది అక్క. కొన్నిసార్లు అలా ఉండదని ఇప్పుడు తేలింది. ముప్పై ఏళ్లుగా చదివినవాళ్లందరూ అవునవును అనుకుంటూ దాటిపోయారు, పెద్దసారుతో సహా.

తర్వాతి పదకొండు రోజులు ఆ ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. అక్క అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోయేది. రొట్టె తెస్తానని వీధిలోకి వెళ్లి గంట తర్వాత ఉత్త చేతులతో వచ్చేది. వంటింటి తలుపు వెనకంతా సుద్దగీతలు. చీపురు తీసుకుందామని తలుపు తీస్తే కళ్ల ముందు వలలు. స్నానానికి వెళ్లి నీళ్లు వదిలేసి అలాగే బయటకొచ్చి ఏదో రాసుకునేది. బావ మాత్రం ఆ పేజీ లేకుండానే మిగతా ప్రూఫులు దిద్దుతూ కూర్చున్నాడు కానీ, పెన్సిలు కదలడం లేదని నేను చూశాను.

నాకు భయమేసి ఒకరోజు బలవంతంగా కూర్చోబెట్టి బీపీ చూశాను. చేతికి పట్టీ చుట్టి ఉండగా, కదలడానికి లేక, అప్పుడు చెప్పింది.

"ముప్పై ఏళ్ల నుంచి అబద్ధం చెప్తున్నానే చెల్లీ."

"తెలిసి చెప్తే కదా అబద్ధం."

"ఇప్పుడు తెలిసిందిగా. ఇవాళ్టి నుంచి నోరు మూసుకుంటే అబద్ధమే."

అయినా ఎక్కడో ఆశ ఉంది ఆమెకు. మెట్టు విరిగింది కానీ మేడ నిలబడే ఉంది, ఇంకో దారిలో ఎక్కవచ్చు అనుకుంది. పన్నెండో రోజు పొద్దున్నే బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా వెళ్లి, దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చింది. చేతిలో ప్రూఫులు వచ్చిన పెద్ద కవరు. దాని వెనకాల డెబ్బై రెండు ముడుల వల గీసి ఉంది. సరిగ్గా ఆమె చెప్పిన రకం వల. దానికి దారి లేదు. మూడు భాగాలుగా ఉన్న ఆ వలలో ఎటునుంచి వెళ్లినా ఏదో ఒక భాగంలో ఒక ముడి మిగిలిపోతుంది. మెట్టు కాదు, మేడే లేదు.

బావకు ఆ కవరు చూపించి, "ఇది చాలండీ" అంది. ఆయన భూతద్దం పెట్టి దాన్ని చూశాడు. ఏమీ అర్థమై ఉండదు. "గీత బాగా వచ్చింది" అన్నాడు. ఆ మాటకు అక్క నవ్వబోయి ఏడ్చింది. మా అమ్మ పోయినప్పుడు కూడా ఆమె నా ముందు అలా ఏడవలేదు.

పిచ్చుకకు ఫోన్ చేసి విషయం చెప్పకుండా రమ్మంది. మర్నాడు మధ్యాహ్నానికి పిచ్చుక వచ్చింది. సంచి కూడా కింద పెట్టకుండా ఏమైంది మేడమ్, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అక్క కవరు చేతిలో పెట్టింది. పిచ్చుక నిలబడి ఒక నిమిషం చూసి, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. అక్క గదిలో ఉండలేక వరండాలో, వరండాలో ఉండలేక వీధిలో తిరిగింది. నేను రెండుసార్లు టీ పెట్టి, రెండుసార్లూ పారబోశాను.

చివరికి పిచ్చుక పెన్సిలు పక్కన పెట్టి, "సరిగ్గానే ఉంది" అంది. వల సరిగ్గానే ఉందని. అంటే సిద్ధాంతం తప్పని.

అక్క అప్పటికే మాటలు సిద్ధం చేసుకున్నట్టుంది. నీ వ్యాసాల్లో ఏవేవి దీనిమీద ఆధారపడ్డాయో మనిద్దరం కూర్చుని చూద్దాం, తప్పు నాదని నేను రాస్తాను, నీకు మచ్చ రాదు అని గబగబా చెప్పుకుపోయింది. పిచ్చుక ఆపింది.

"నేను అడిగాను మేడమ్."

"ఏమడిగావు?"

"రెండో సంవత్సరంలో. ఈ మెట్టే. ఇది ఎలా వచ్చిందని మీ గదికొచ్చి అడిగాను. మీరు నడుస్తూనే, స్పష్టమే కదా అన్నారు. ఆగలేదు కూడా."

అక్క నిలబడిపోయింది. గుర్తులేదని ముఖమే చెప్తోంది.

"ఆ తర్వాత నాలుగు నెలలు నేను లెక్కలు మానేద్దామనుకున్నాను, తెలుసా మీకు? అందరికీ స్పష్టమైంది నాకొక్కదానికే అర్థం కావడం లేదని. మా ఇంట్లో కూడా చెప్పేశాను, ఇది నా వల్ల కాదని. తర్వాత అర్థమైనట్టు నటించడం అలవాటు చేసుకున్నాను. ఇరవై రెండేళ్లు నటించాను మేడమ్. పదకొండు వ్యాసాలు."

ఆమె గొంతు పెంచలేదు. సంచి తీసుకుని, ఉండమన్నా ఉండకుండా ఆ సాయంత్రం బండికే వెళ్లిపోయింది. బావ స్టేషన్ దాకా వెళ్లాడు. 

అక్కను తప్పు అంతగా కుంగదీయలేదు. తప్పు ఎవరికైనా వస్తుందని ఆమెకు తెలుసు. గుర్తులేకపోవడమే ఆమెను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. ఆ రోజు నేను ఏ రంగు చీర కట్టుకున్నానో కూడా ఆ పిల్లకు గుర్తుండి ఉంటుంది, నాకు ఆ రోజే లేదు అనేది.

వైస్ ఛాన్సలర్ దగ్గరికి వెళ్లి, అరవయ్యో పుట్టినరోజుకు ఆ పుస్తకంతోపాటు తలపెట్టిన సన్మానం ఆపమంది. ఆయన మంచివాడే. మూడు వారాల్లో సభ, పిలుపులు వెళ్లిపోయాయి, సభ అయ్యాక నిదానంగా సవరణ వేద్దాం అన్నాడు. ఇన్నేళ్లు ఆగింది మూడు వారాలు ఆగదా అని కూడా అన్నాడట. అక్క కుర్చీలోంచి లేచి, నేను ఆగగలిగితే ఆగుదును, నా వల్ల కావడం లేదు అని చెప్పి వచ్చేసింది. నాలుగు పేజీల వ్యాసం రాసి పత్రికకు పంపింది. శీర్షికలోనే ఆ సిద్ధాంతం తప్పని ఉంది. చివర, ఈ మెట్టును చాలా ఏళ్ల క్రితమే ఒక విద్యార్థిని ప్రశ్నించిందని, తాను వినలేదని ఒక వాక్యం రాసింది. పేరు వేయనా అని అక్క అడిగితే, వేయవద్దని పిచ్చుక రెండు ముక్కల ఉత్తరం రాసింది. అందుకని పేరు లేదు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. సభ రద్దయింది. పుస్తకం ఆగింది. ఒక దినపత్రిక లెక్క తప్పిన లెక్కల మేడమ్ అని వేసింది. బావ ఆ శీర్షిక చదివి, పర్వాలేదు అచ్చుతప్పు లేదు అన్నాడు. కొందరు గొప్ప పని చేశావని ఉత్తరాలు రాశారు. కొందరు మేమెప్పుడో అనుకున్నాం అని రాశారు. వీళ్లకంత ముందే తెలిస్తే నోళ్లేమయ్యాయో నాకు అర్థం కాలేదు. పిచ్చుక వ్యాసాల్లో ఏడు నిలిచాయి, నాలుగు పోయాయి. ఆ లెక్క మాకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. పద్నాలుగు నెలలు ఆమె దగ్గర్నుంచి ఒక్క ఫోనూ రాలేదు.

ఆ పద్నాలుగు నెలలూ అక్క మొదటి సంవత్సరం పిల్లలకు పాఠం చెప్తానని అడిగి మరీ తీసుకుంది. అధ్యక్షురాలిగా చేసిన మనిషి ఆ క్లాసుకు వెళ్లడం చూసి మిగతావాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. ఒకమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ గంటంతా గడిపేసిందని, సిలబస్ కదలడం లేదని ఫిర్యాదు కూడా వెళ్లింది. ఇంటికొచ్చి ఆ ప్రశ్న నాకు చెప్పేది. నాకు అర్థం కాలేదంటే ఎక్కడ అర్థం కాలేదని వెంటపడేది. ఒకప్పుడు అమ్మ పడ్డ బాధ నాకు తెలిసొచ్చింది.

ఒకరోజు ఉన్నట్టుండి, నాతో రా అని రైలెక్కించింది. ఆరు గంటల్లో నాలుగు గంటలు బోగీలో అటూ ఇటూ నడిచింది. టికెట్ కలెక్టరు రెండుసార్లు సీటెక్కడమ్మా అని అడిగాడు. అక్కడికి చేరేసరికి పిచ్చుక క్లాసులో ఉంది. ఆమె గది బయట బెంచీ మీద అక్క కూర్చుంది. యాభై నిమిషాలు కదలకుండా కూర్చుంది. మా అక్కను నేనలా చూడటం అదే మొదలు.

పిచ్చుక వచ్చి మమ్మల్ని చూసి లోపలికి రమ్మంది. మర్యాదగా మాట్లాడింది, అంతే.

"ఆ రోజు నువ్వు అడగాలనుకున్నది ఇప్పుడు అడుగు" అంది అక్క.

"ఇప్పుడెందుకు మేడమ్? జవాబు తెలిసిపోయింది కదా."

"జవాబు కోసం కాదు. నేను వినలేదు. వినడానికి వచ్చాను."

పిచ్చుక చేతిలోని పుస్తకాలు బల్లమీద పెట్టింది. తర్వాత చెప్పింది. ఆ రోజు ఉత్త చేతులతో రాలేదని, ఒక కాగితం తెచ్చిందని, దానిమీద ఒక వల గీసి తెచ్చిందని. స్పష్టమే కదా అన్న మాట విన్నాక మెట్లు దిగుతూ దాన్ని చింపేసిందని.

"ఏముంది అందులో?"

"గుర్తులేదు మేడమ్. నిజంగా గుర్తులేదు. పోయినేడు మీ దగ్గర్నుంచి వెళ్లాక, మీ వల చూసి దాన్ని గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. నేను గీసింది తప్పో ఒప్పో కూడా తెలియదు."

అక్క తల వంచుకుని క్షమించమంది. పెద్దగా కాదు, మామూలుగా, ఒక తోటి మనిషితో అన్నట్టు. పిచ్చుక పర్వాలేదు అనలేదు. అనకపోవడమే మంచిదనిపించింది నాకు. లేచి అల్మరా తీసి, పదిహేను పేజీల కట్ట బల్లమీద పెట్టింది. వలకు ఇంకో షరతు చేరిస్తే దారి తప్పకుండా ఉంటుందని ఆమె ఆ ఏడాదంతా చేసిన పని అది. అక్క చదవడం మొదలుపెట్టి మూడో పేజీలో వేలు పెట్టి, ఇక్కడ నాకు అర్థం కాలేదంది. పిచ్చుక ముఖం బిగుసుకుంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది. నేను టీ కోసం బయటికి వెళ్లి, ఊరంతా తిరిగి, చీకటిపడే వేళకు వస్తే ఇద్దరూ బోర్డు దగ్గర నిలబడి వాదించుకుంటున్నారు.

ఆ వ్యాసం మరుసటి ఏడాది పిచ్చుక ఒక్కదాని పేరుతో వచ్చింది. అక్క పేరు ఆమె చేర్చలేదు, అక్క అడగలేదు. ఇప్పుడు ఆ సిద్ధాంతాన్ని పిచ్చుక పేరుతోనే పిలుస్తున్నారు. ఆగిపోయిన పుస్తకం కూడా వచ్చింది. పాత వ్యాసాన్ని ఉన్నదున్నట్టు వేసి, దాని వెనకే ఆ నాలుగు పేజీలూ వేయాలని పట్టుబట్టింది బావే.

అక్కకిప్పుడు అరవై మూడు. ఇంకా కుదురు లేదు. దారిలేని వలకు డెబ్బై రెండు ముడులు అవసరమా, తక్కువతో కుదురుతుందా అన్నది ఇప్పటి పట్టు. పిచ్చుక దగ్గర చదివే కుర్రది అరవై నాలుగుకు తెచ్చింది. అక్క యాభై ఎనిమిదికి దించింది. నిన్న పొద్దున ఫోన్‌లో ఇద్దరూ గొంతులు పెంచారు. యాభై ఆరు రానే రాదంటుంది పిచ్చుక. ఎందుకు రాదో చెప్పు, వింటాను అంటోంది మా అక్క.